నీటిలోపల జాయింట్ డైరెక్టర్

పగడపు దిబ్బల పరిరక్షణ డైరెక్టరేట్ ఉన్న ఊరికీ సముద్రానికీ మధ్య బస్సులో ఒక పూట ప్రయాణం. ఆ ఊళ్లో రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప మరేమీ కనిపించవు. దీనికి ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. శాఖ పుట్టిన రోజుల్లో పట్టుపురుగుల శాఖవారు అక్కడొక భవనం ఖాళీ చేశారు. ఖాళీ అయిన ప్రభుత్వ భవనంలోకి ఏదో ఒక శాఖ వెళ్లక తప్పదు కదా, ఆ వారం పుట్టిన శాఖ ఇదొక్కటే. ఇరవై ఏళ్లుగా అక్కడి ఉద్యోగులు పగడాలను నిష్ఠగా పరిరక్షిస్తున్నారు. ఈ ఇరవై ఏళ్లలో పగడాల నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఇంత సజావుగా నడిచే సంసారంలో ఆడిట్‌వారు వేలు పెట్టారు. "సదరు డైరెక్టరేట్ పరిరక్షించుచున్న పగడపు దిబ్బలను సదరు డైరెక్టరేట్‌కు చెందిన ఏ అధికారియు భౌతికముగా తనిఖీ చేసినట్లు ఆధారములు లేవు. సదరు దిబ్బలు ఉన్నవో లేవో నిర్ధారించి తెలుపవలెను" అని రాసి వెళ్లిపోయారు.

డైరెక్టర్ ఇందుశేఖర్ గారు "ఉన్నవి" అని జవాబు రాయించబోయారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ శేషారత్నం అడ్డుపడింది. "ఉన్నవి అని రాస్తే కింద 'స్వయముగా చూచితిని' అని కూడా రాయాలి సార్. లేకపోతే వచ్చే ఏడు మళ్లీ అదే అడుగుతారు" అంది. నిబంధనల విషయంలో ఆమె మాటకు ఆ ఆఫీసులో తిరుగులేదు. ఆ విధంగా, అండమాన్ సముద్రంలో ఒక పడవ మీద వారం రోజులు మకాం ఉండి, రోజూ స్కూబా డైవింగ్ చేస్తూ సముద్రం అడుగును తనిఖీ చేసే కార్యక్రమం ఖరారైంది. దాని పేరు "సముద్రాంతర భౌతిక తనిఖీ మరియు సామర్థ్య పెంపుదల శిబిరం". ఇళ్లల్లో దీన్ని పిక్నిక్ అంటున్నారని తెలిసి, అలా అనరాదని డైరెక్టర్ గారు ఒక సర్క్యులర్ కూడా పంపారు.

డైరెక్టర్ ఎక్కడుంటే ఆఫీసు అక్కడే గనక పడవను క్యాంపు ఆఫీసుగా ప్రకటించారు. క్యాంపు ఆఫీసన్నాక ఫైళ్లుండాలి. పెండింగ్ ఫైళ్లన్నీ రెండు ట్రంకు పెట్టెల్లో సర్దుకుని, డైరెక్టర్ గారూ, డిప్యూటీ డైరెక్టర్ భుజంగరావూ, శేషారత్నమూ, ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లూ, పెట్టెలు మోయడానికి అటెండర్ మస్తానూ పడవెక్కారు.

ఆ పెట్టెల్లో ఒకదాని అడుగున శేషారత్నం ఫైలు ఉంది. అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఆమె ప్రమోషన్ ఫైలు. ఎనిమిదేళ్లయింది. అర్హత ఉంది, ఖాళీ ఉంది, మచ్చలేని సర్వీసు ఉంది. లేనిదల్లా జాయింట్ డైరెక్టర్ సంతకం. కింది బల్లల మీద ఏళ్లు గడిపి ఫైలు అక్కడికి చేరేసరికి ఆ పదవి కోసం ఇద్దరు కోర్టుకెక్కారు, తీర్పు వచ్చేదాకా ప్రధాన కార్యాలయంలోగానీ దాని క్యాంపు ఆఫీసుల్లోగానీ ఎవర్నీ ఆ కుర్చీలో కూర్చోబెట్టరాదని స్టే వచ్చింది. ఎవరూ కూర్చోలేదు. ఆ కుర్చీలోంచి సంతకం కావలసిన ఫైళ్లన్నీ గాలి లేక ఆగిన నావలయ్యాయి.

నెలాఖరుకి శేషారత్నం రిటైరవుతుంది. అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఒక్క పూటైనా పని చేసి ఇంటికి వెళ్లాలన్నది ఆమె కోరిక. పెన్షన్ ఎంత పెరుగుతుందో ఆమె లెక్క వేసుకోలేదు. తన చేత నోటు రాయడం దిద్దించుకున్న పిల్లలు ఒక్కొక్కరే తనను దాటి పైకి వెళుతుంటే, వాళ్లకి దండలు కొనుక్కొచ్చే పని కూడా తనకే పడుతుంటే, ఆమె నవ్వుతూ ఆ పని చేసింది. ఇంటికెళ్లి మాత్రం నవ్వేది కాదు.

పడవలో వాళ్లకి డైవింగ్ నేర్పే మనిషి మైలపల్లి దమయంతి. ఆమె తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డవారు. హిందీ, బెంగాలీ ధారాళంగా వచ్చినా, బోధించడానికీ తిట్టడానికీ ఆమె తెలుగే వాడేది. మొదటి రోజు ఉదయం అందర్నీ పడవ వెనక కూర్చోబెట్టి ఒక సిలిండర్ చూపించింది.

"ఈ ఆక్సిజన్ సిలిండర్ మరీ సన్నగా ఉందేమో చూడండి. డైరెక్టర్ గారికి పెద్ద సిలిండర్ ఏర్పాటు చేయాలి" అన్నాడు భుజంగరావు.

"ఇది ఆక్సిజన్ కాదండి. గాలే. మనం పీల్చేదే, నొక్కి నింపినారంతే."

డైరెక్టర్ గారి మొహం చిన్నబోయింది. "అందరికీ గాలేనా?" అని అడిగారు.

"కనీసం సార్‌కైనా ఆక్సిజన్ ఇవ్వొచ్చు కదమ్మా" అన్నాడు భుజంగరావు.

"లోతుకెల్తే అది విసవైపోద్దండి. ఇమ్మంటే ఇస్తాను, మరి తిరిగి తేలేను" అంది దమయంతి.

ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది. దమయంతి తరవాతి సంగతి చెప్పింది. "ఒంటరిగా ఎవులూ దిగకూడదు. ఇద్దరిద్దరు జత. ఒకరి గాలి మీటరు ఇంకొకరు సూసుకోవాల. ఒకరికి గాలి అయిపోయిందనుకోండి, జతగాడి దగ్గిర రెండో మౌత్‌పీస్ ఉంటాది. అది నోట్లో పెట్టుకుని ఇద్దరూ ఒకే సిలిండర్ పీల్చుకుంటూ పైకొచ్చీయాల."

డైరెక్టర్ గారి గాలిని మరొకరు పీల్చడం అనే విషయం ఆ శాఖ చరిత్రలో ఇంతవరకు పరిశీలనకు రాలేదు.

"డైరెక్టర్ గారి గాలిలో వాటా తీసుకోవడానికి కనీసం ఏ హోదా ఉండాలి?" అని భుజంగరావు శేషారత్నం వైపు తిరిగాడు.

శేషారత్నం ఆలోచించింది. "గాలి గురించి నేరుగా ఏమీ లేదు సార్. కారు గురించి ఉంది. డైరెక్టర్ గారి పక్కన వెనక సీట్లో కూర్చోవడానికి జాయింట్ డైరెక్టర్‌కి మాత్రమే అర్హత. మిగతావాళ్లు డ్రైవర్ పక్కన కూర్చోవాలి."

"సముద్రంలో డ్రైవర్ పక్కన సీటు లేదు" అన్నారు డైరెక్టర్ గారు గంభీరంగా. "కావున జాయింట్ డైరెక్టరే ఉండాలి. లేనియెడల నేను దిగజాలను. నేను దిగనియెడల తనిఖీ జరగదు."

"నీటికి ఆఫీసరని తెలుస్తాదేటండి? పక్కన మడిసుంటే సాలు" అంది దమయంతి. ఆ అభిప్రాయం రికార్డు చేయలేదు.

జాయింట్ డైరెక్టర్ కుర్చీ మీద స్టే ఉంది. కానీ స్టే ఉన్నది ప్రధాన కార్యాలయానికీ క్యాంపు ఆఫీసుకీ. పడవ క్యాంపు ఆఫీసు. పడవ కింద నీళ్లు? నీళ్లను క్యాంపు ఆఫీసుగా ఎవరూ ప్రకటించలేదు. ఈ మాట శేషారత్నం నోటి నుంచే వచ్చింది. నీళ్లలో ఉన్నంతసేపూ ఎవరో ఒకరికి జాయింట్ డైరెక్టర్‌గా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించవచ్చు. అదనపు బాధ్యతకి అర్హత అక్కర్లేదు, మనిషి అందుబాటులో ఉంటే చాలు.

అందుబాటులో ఎవరున్నారో చూశారు. భుజంగరావు చెవి నొప్పికి ఇంటి దగ్గరే సర్టిఫికెట్ రాయించుకుని తెచ్చుకున్నాడు. సీనియర్ అసిస్టెంట్లు తమకు ఈత రాదన్నారు. చేయి పట్టుకుని తీసుకెళతాను, ఈత లేకపోయినా ఫర్వాలేదని దమయంతి అంటే, ధైర్యం కూడా రాదన్నారు. మస్తాను దిగుతానన్నాడు గానీ, అటెండర్‌ని జాయింట్ డైరెక్టర్ చేస్తే మళ్లీ అటెండర్ ఎవరన్న ప్రశ్న వచ్చింది.

"నేను దిగుతాను సార్" అంది శేషారత్నం. భయం లేక కాదు. ఆ హోదా తన పేరు పక్కన ఒక్కసారి చూసుకోవాలనిపించింది.

ఆర్డరు ఆమే రాసింది. భుజంగరావు అందులో ఒక వాక్యం పట్టుబట్టి చేర్పించాడు. "సదరు బాధ్యతలు నీటి ఉపరితలమునకు దిగువన మాత్రమే వర్తించును. సదరు అధికారిణి శిరస్సు నీటిపైకి వచ్చిన తక్షణమే రద్దగును." పడవ మీద ఆమెను మేడమ్ అనవలసి వస్తుందేమోనన్నది ఆయన బెంగ.

మొదటిసారి దిగినప్పుడు డైరెక్టర్ గారు లంగరు తాడును రెండు చేతులా పట్టుకుని, మూడు నిలువుల లోతుకు చేరి, చుట్టూ చూశారు. చేపలు ఆయన్ని చూసి తప్పుకోలేదు. ఒకటి వచ్చి మాస్క్ అద్దంలోకి తొంగి చూసి, ప్రత్యేకత ఏమీ కనిపించక వెళ్లిపోయింది. ఆయన కాసేపు ఆగి, పైకి వేలు చూపి, పైకి వచ్చేశారు. "చూచితిని" అన్నారు. ఆడిట్ అభ్యంతరం ఆ ఒక్క మాటతో తీరిపోయింది. తరవాత వారమంతా ఆయన పడవ మీద పడక కుర్చీలోనే ఉన్నారు.

శేషారత్నానికి మాత్రం పైకి రావాలనిపించలేదు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్లుగా వార్షిక నివేదికల్లో తాను టైపు చేయించిన పేర్లన్నీ ఎర్రగా, పచ్చగా, ఊదాగా ఊపిరి తీసుకుంటున్నాయి. సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది, మాస్క్‌లో నీళ్లు చేరాయని దమయంతి కంగారుపడింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భుజంగరావు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. ఆయనది కూడా ఒక ఫైలుంది. స్పెషల్ గ్రేడు ఫైలు. అదీ జాయింట్ డైరెక్టర్ సంతకం కోసమే ఆగి ఉంది. ఇప్పుడు ఒక జాయింట్ డైరెక్టర్ ఉన్నాడు, అంటే ఉంది. పప్పు వడ్డించుకుంటూ ఎదురుగానే ఉంది. కానీ ఆమె తల నీటిపైన ఉంది.

మర్నాడు ఉదయానికి భుజంగరావు చెవి నొప్పి పూర్తిగా తగ్గిపోయింది.

"నేనూ దిగుతానమ్మా" అన్నాడు దమయంతితో. "ఒక చిన్న కాయితం పనుంది."

"నీళ్లల్లోన కాయితమేటండి, ముద్దయిపోద్ది."

కానీ డైవర్లు నీళ్లలో రాసుకోవడానికి వాడే తెల్ల ప్లాస్టిక్ పలకలూ, వాటికి తాడుతో కట్టిన పెన్సిళ్లూ ఆమె దగ్గర ఉన్నాయి. భుజంగరావు వాటిని చూశాడు. ఫైలులోని నోటు సారాన్ని పలక మీద రాసి, కిందికి తీసుకెళ్లి, జాయింట్ డైరెక్టర్ చేత సంతకం చేయించి, పైకి తెచ్చి, ఫైలులో ఎక్కించి, "నీటిలోపలి అసలు ప్రతికి నిజ నకలు" అని ధ్రువీకరిస్తే సరిపోతుందని శేషారత్నమే చెప్పింది. చెప్పినందుకు తరవాత విచారించింది గానీ అప్పటికి ఆలస్యమైంది.

నిన్న తల పైకి రాగానే రద్దవాలని వాక్యం చేర్పించిన భుజంగరావు, ఈ రోజు పలక చేతపట్టుకుని, రబ్బరు సూటులో, నడుముకి సీసపు బరువులతో ఆమె ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడంటే, నిలబడాలని శాయశక్తులా ప్రయత్నించాడు. నీళ్లు ఆయన్ని పక్కకి ఒరిగిస్తున్నాయి. ఆమె చదివింది, సంతకం చేసింది. ఆయన చేతులు జోడించబోయి పలక వదిలేశాడు, దమయంతి ఈది వెళ్లి పట్టుకొచ్చింది.

ఆ సంతకం సంగతి తెలిసి సీనియర్ అసిస్టెంట్లిద్దరికీ ధైర్యం వచ్చేసింది. ఒకాయనది ఇంక్రిమెంటు, మరొకాయనది బదిలీ. మస్తానుది సెలవు డబ్బు. ట్రంకు పెట్టెలు తెరిచారు. ఇక్కడున్నవాళ్లవే కాదు, ఊళ్లో ఉన్నవాళ్లవీ, రిటైరై వెళ్లిపోయినవాళ్లవీ బయటపడ్డాయి. పడవలో సిగ్నల్ దొరికినప్పుడల్లా ఊరి నుంచి ఫోన్లు రావడం మొదలైంది. "మేడమ్ గారు నీళ్లల్లోనే ఉండారా, బయటికొచ్చినారా?" అని ముందు అడిగి, తరవాత పని చెప్పుకునేవారు.

జాయింట్ డైరెక్టర్ నీళ్లలో తేలుతూ సంతకాలు చేయడం హోదాకి తగినట్టు లేదని భుజంగరావుకి తోచింది. ఒక ప్లాస్టిక్ కుర్చీకి సీసపు బరువులు కట్టి దింపించాడు. దాన్ని వేయడానికి ఎత్తుగా, గుండ్రంగా ఉన్న ఒక మంచి రాయిని ఎంచుకున్నాడు. దమయంతి ఆయన మోచెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చింది.

"ఏటండి సేస్తన్నారు? అది పగడం."

"ఏది?"

"మీరు కుర్సీ ఏసింది."

భుజంగరావు నీళ్లలోకి తొంగి చూశాడు. ఇరవై ఏళ్లుగా పరిరక్షిస్తున్న వస్తువుతో ఆయనకు అదే మొదటి పరిచయం. "అలాగా. రాయిలా ఉందే" అన్నాడు. కుర్చీని ఇసుక మీదికి జరిపించారు.

ఇక అక్కడి నుంచి ఆఫీసు నడిచింది. సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపు పనివేళలు. మస్తాను ఒక ఇనప ముక్కతో తన సిలిండర్ మీద టంగుమని కొడితే ఒకరు పలకతో ముందుకు రావాలి, మళ్లీ కొడితే వెళ్లాలి. ఒకరోజు సీనియర్ అసిస్టెంటు వెనకే పెద్ద తాబేలొకటి వచ్చి నిలబడింది. వరసలోనే, మర్యాదగా. శేషారత్నం పెన్సిలు ఎత్తిపట్టి, అది రెక్కలాడిస్తూ వెళ్లిపోయేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయింది. తన ఫైలు మీద ఆమెకేదో అనుమానం వచ్చిందనుకున్న సీనియర్ అసిస్టెంటు, పలక కింద గబగబా మరో రెండు కారణాలు చేర్చాడు.

దమయంతికి ఇదేమీ మింగుడు పడలేదు. "ఇన్నేళ్లల్లో ఎందరినో దింపినాను. పెళ్లికొడుకులు దిగినారు, తాగినోలు దిగినారు. సముద్రంలోకొచ్చి సముద్రాన్ని సూడనోలని మిమ్మల్నే సూసినాను" అంది.

పడవ మీద ఒంటరిగా మిగిలిన డైరెక్టర్ గారికి వెలితిగా ఉంది. ఆయన గంట కొడితే పలికేవాడు లేడు, మస్తాను కింద సిలిండర్ కొడుతున్నాడు. "నీటిలోపలి కార్యాలయాన్ని నేను లాంఛనంగా ప్రారంభిస్తాను" అన్నారు. శేషారత్నం తడి జుట్టు పిండుకుంటూ, "ప్రారంభిస్తే అది ఆఫీసవుతుంది సార్. ఆఫీసైతే స్టే వర్తిస్తుంది. చేసిన సంతకాలన్నీ పోతాయి" అంది. డైరెక్టర్ గారు తన సర్వీసులో మొట్టమొదటిసారిగా, ఎదురుగా ఉన్నదాన్ని ప్రారంభించకుండా వదిలేశారు.

చివరి రోజుకి పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఒక్క ఫైలు మిగిలింది.

ఎవరి ఫైలు మీద వారు సంతకం చేయరాదు. ఈ నిబంధనను ఆఫీసులో చేరిన ప్రతివాడికీ మొదటి రోజే నేర్పింది శేషారత్నమే. పోనీ, కళ్లు మూసుకుని చేసేద్దామా అని ఆమెకొకసారి అనిపించింది. అనిపించినందుకే సిగ్గుపడింది. దారి ఒకటే ఉంది. ఒక్క మునకకి జాయింట్ డైరెక్టర్ బాధ్యతలు భుజంగరావుకి అప్పగించాలి. ఆయన ఆమె ఫైలు మీద సంతకం చేయాలి. మధ్యాహ్నానికి పడవ పోర్ట్ బ్లెయిర్ వైపు తిరుగుతుంది. ఆ తరవాత నీళ్లు లేవు, జాయింట్ డైరెక్టరూ లేడు.

"దాందేముందమ్మా, తప్పకుండా" అన్నాడు భుజంగరావు.

బాధ్యతల అప్పగింత కూడా నీళ్లలోనే జరగాలి కదా, అందుకని ఇద్దరూ దిగారు. జతకి దమయంతి కూడా దిగింది. శేషారత్నం కుర్చీ లోంచి లేచింది. భుజంగరావు కూర్చున్నాడు. కూర్చోగానే ఆయనలో ఏదో సర్దుకుంది. ఇన్నాళ్లూ పక్కకి ఒరిగిపోయిన మనిషి కుర్చీ చేతులు పట్టుకుని నిటారుగా అయ్యాడు. ఆమె పలక అందించింది. ఆయన చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఒక చిన్న పసుపు చేప వచ్చి పలక మూల కొరికి చూస్తే, దాన్ని చేత్తో తోలేశాడు. పెన్సిలు తీసుకుని ఒకే ఒక్క మాట రాసి తిరిగిచ్చాడు.

"చర్చించండి."

ఆఫీసుల్లో పని చేయనివారికి ఈ మాట బలం తెలియదు. అవునని రాస్తే బాధ్యత. కాదని రాస్తే కారణం చెప్పాలి. చర్చించండి అని రాస్తే ఫైలు తెచ్చినవాళ్లు నోటితో వచ్చి మాట్లాడాలి. వాళ్లు వచ్చేసరికి అధికారి మీటింగులో ఉంటాడు. ఆ మాట ఆమె ఫైలు మీద ఇంతకుముందు కూడా ఆయన చేతిరాతలోనే ఉంది. భుజంగరావుకి ఆమె మీద కక్ష లేదు. కుర్చీలో కూర్చుంటే ఆయన చెయ్యి ఆ మాటే రాస్తుంది, అంతే.

శేషారత్నం నోట్లో మౌత్‌పీస్ ఉంది. ఆయన నోట్లోనూ ఉంది. మాట్లాడాలంటే పైకి వెళ్లాలి, పైకి వెళితే ఆయన జాయింట్ డైరెక్టర్ కాడు. ఆమె పలక వైపూ, ఆయన వైపూ చూసింది. పళ్లెంలో కూడు లాగేసుకున్నట్టయింది ఆమెకి. కాళ్ల నుంచి తల దాకా కోపం వచ్చింది. అంత కోపం ఆమె ఎరగదు.

మౌత్‌పీస్ తీసేసింది.

నీళ్లలో మౌత్‌పీస్ ఊడిపోతే ఊపిరి బిగబట్టకూడదనీ, నోటి నుంచి సన్నగా బుడగలు వదులుతూ ఉండాలనీ దమయంతి నేర్పింది. శేషారత్నం సన్నగా వదల్లేదు. మాట్లాడింది. గట్టిగా, చెయ్యి ఊపుతూ, కుర్చీ మీదికి వంగి మాట్లాడింది. బుడగలు గుత్తులుగా లేచి భుజంగరావు మాస్క్ నిండా పరుచుకున్నాయి. ఆయన వెనక్కి జరిగితే కుర్చీ కూడా జరిగింది. దమయంతి చేయి చాచి దగ్గరికొచ్చి, శేషారత్నం మొహం చూసి, ఆగిపోయింది.

ఊపిరి అయిపోయాక ఆమె మౌత్‌పీస్ పెట్టుకుంది. రెండుసార్లు గాఢంగా పీల్చుకుంది. పలక తీసుకుని ఆయన మాట కింద గుండ్రటి అక్షరాలతో రాసింది. "చర్చించడమైనది. తగు ఆదేశములకై సమర్పించడమైనది."

భుజంగరావు చాలాసేపు చూశాడు. చర్చించమన్నాడు, ఆమె చర్చించింది. చర్చ వినబడి తీరాలని ఏ నిబంధనలోనూ లేదు. ఉంటే ఆమెకి తెలిసి ఉండేది. ఆయన మీటరులో ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తోంది. "సిఫారసు చేయడమైనది" అని రాసి సంతకం పెట్టాడు.

పైకి వచ్చాక డైరెక్టర్ గారు పలకను ఎండకి పట్టుకుని చూశారు. "ఇచట చర్చ జరిగినట్లు కనబడుచున్నది" అన్నారు. "చర్చ సారాంశం జతపరచనిదే నేను ఆమోదించుట ఎలా? భుజంగరావు గారూ, ఆమె ఏమి చర్చించారు?"

భుజంగరావు తువ్వాలుతో చెవులు తుడుచుకున్నాడు. వినబడలేదంటే, వినకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్నట్టే. ఆ సంతకం పోతే దానితో పాటు నీళ్లలో జరిగినవన్నీ ప్రశ్నలోకి వస్తాయి, తన స్పెషల్ గ్రేడుతో సహా.

"సవివరంగా చర్చించారండి" అన్నాడు. "చెబుతాను, రాసుకోమనండి."

రాసుకునేది ఎవరు? శేషారత్నమే. రబ్బరు సూటు మీద కప్పుకున్న చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏదో రెండు ముక్కలు కల్పిస్తాడనుకుంది. భుజంగరావు సముద్రం వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"సదరు సూపరింటెండెంట్ గారు తెలియజేసినదేమనగా, ఎనిమిది సంవత్సరములుగా తాను అర్హురాలై ఉన్నప్పటికీ, తన వద్ద పని నేర్చుకొన్న ముగ్గురు తనను దాటి వెళ్లినారనియు. రాశారా? వారి సన్మాన సభలకు దండలు తానే తెచ్చినట్లును. తన ఫైలు రెండు పర్యాయములు చర్చించమని తిరిగి వచ్చినదనియు, చర్చించుటకు అందులో ఏమియు లేదనియు, చర్చకై తాను వచ్చినప్పుడు అధికారి గదిలో ఉండియు లేరని చెప్పించినారనియు."

ఆమె రాస్తోంది. ఆయన ఎక్కడా ఆగడం లేదు, మాటల కోసం వెతుక్కోవడం లేదు.

"ప్రతి సంవత్సరము ప్రమోషన్ల కమిటీ సమావేశమగు దినమున తాను ఆకుపచ్చ అంచు పట్టుచీర ధరించి వచ్చుచుండెననియు, సాయంత్రము ఫలితము తెలిసిన పిమ్మట ఎవరితోను ఏమియు అనక బస్సు ఎక్కుచుండెననియు."

పెన్ను ఆగిపోయింది. ఆ చీర సంగతి ఎవరూ గమనించలేదని ఆమె ఇన్నేళ్లూ అనుకుంది. గమనించలేదనే ఆ మనుషుల మధ్య తలెత్తుకు తిరిగింది. తెలియక చేశారులే అని ఎనిమిదేళ్లుగా వాళ్లను క్షమిస్తూ వచ్చింది. ఆ క్షమనంతా అప్పటికప్పుడు వెనక్కి తీసుకుంది.

"చుండెననియు. రాశారా అమ్మా?"

"రాశాను సార్."

డైరెక్టర్ గారు చదివి తృప్తి పడ్డారు. "చాలా సమగ్రంగా ఉన్నది. నీటిలో ఇంత సావధానంగా వినుట అభినందనీయం" అని భుజంగరావుని మెచ్చుకున్నారు. కింద "పై విషయములన్నియు నేను చర్చించినవే" అని శేషారత్నం సంతకం చేయాలన్నారు. ఆమె చేసింది. సర్వీసులో ఆమె ధ్రువీకరించిన మొదటి అబద్ధం అది. డైరెక్టర్ గారు "ఆమోదించడమైనది" అని రాసి పెన్ను మూత పెట్టారు. మస్తాను వంటవాడి దగ్గర్నుంచి గుప్పెడు పంచదార తెచ్చి అందరి చేతుల్లో పోశాడు. "మేడమ్, నోరు తీపి చేసుకోండి" అన్నాడు. తల నీటిపైన ఉండగా ఆమెను ఎదురుగా ఒకరు మేడమ్ అనడం అదే మొదలు.

ఇంజను మొదలైంది. భుజంగరావు కమ్మీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటే ఆమె పక్కకి వెళ్లి నిలబడింది.

"ఇవన్నీ మీకు ఎప్పట్నించి తెలుసు సార్?"

"తెలియకపోవడమేముందమ్మా, మొదట్నించీ తెలుసు" అన్నాడాయన, మామూలుగానే. "రాసివ్వమని ఎవరూ అడగలేదు." నీళ్లలోకి తొంగి చూసి, "మరి నువ్వు కింద అన్నది ఇవేనా? నాకు బుడగలు తప్ప ఏం కనపడలేదు" అన్నాడు.

"ఇందులో ఒక్కటి కూడా అనలేదు సార్. మిమ్మల్ని తిట్టాను."

"ఏమని?"

శేషారత్నం చుట్టూ చూడలేదు. గొంతు సవరించుకోలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, అదే వరసలో మళ్లీ చెప్పింది. మధ్యలో నీళ్లు లేవు గనక ఈసారి అంతా ఆయనకి వినబడింది.